ఆల్ప్స్‌లో కనుమ దాటే రోజు: కొండ అలవాటు లేనివారిని వెంట తీసుకెళ్ళవచ్చా?

నలుగురు స్నేహితులు కలిసి ఆల్ప్స్‌లో ఒక కనుమను పొద్దున ఎక్కి సాయంత్రానికి అవతలి లోయలోకి దిగాలనుకుంటున్నామని, అందులో ఒకరికి కొండదారి బొత్తిగా అలవాటు లేదని, ఆ ఒక్కరి కోసం ప్రయాణం మానుకోవాలా అని మీరు అడిగారు. మానుకోనక్కర్లేదు. సరిగ్గా ఇలాంటి జట్టుతోనే మేము ఒక జూలై మొదటి వారంలో ఇటలీ నుంచి గ్రాన్ కోల్ ఫెరే కనుమ దాటి స్విట్జర్లాండ్‌లోకి దిగాము. అందరమూ క్షేమంగానే చేరాము గాని, మధ్యలో మేము చేసిన ఒక పొరపాటు మీరు చేయకూడదని ఇది కొంచెం వివరంగా రాస్తున్నాను.

మాంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ మూడు దేశాల మీదుగా సుమారు 170 కిలోమీటర్లు సాగే కాలిదారిలో ఈ కనుమ ఒక భాగం. దీని ఎత్తు 2,537 మీటర్లు. ప్రసిద్ధ పర్వతారోహకుడు వాల్టర్ బొనాట్టి పేరు పెట్టిన విడిదిలో మేము ముందు రాత్రి పడుకున్నాము. అది 2,025 మీటర్ల ఎత్తున, గ్రాండ్ జొరాస్ శిఖరాలకు ఎదురుగా ఉంటుంది. ఈ రెండు అంకెలు చూసి, ఎక్కవలసింది అయిదు వందల మీటర్లే కదా అని, మాలో కొండదారి అలవాటు లేని స్నేహితురాలికి ధైర్యం చెప్పాము. కాని దారి ముందు ఆర్నూవా దగ్గర 1,769 మీటర్లకు దిగిపోయి, అక్కడి నుంచి మళ్ళీ మొదలవుతుంది. కాబట్టి అసలు ఎక్కుడు దాదాపు 770 మీటర్లు, ఆ తరువాత లా ఫూలీ గ్రామం వరకు దిగవలసింది 900 మీటర్లకు పైనే. మీరు ఏ కనుమను ఎంచుకున్నా మొదటి ఎత్తు, చివరి ఎత్తు మాత్రమే చూడకుండా, మధ్యలో దిగి మళ్ళీ ఎక్కేదంతా కలిపి లెక్క వేసుకోండి.

కాలానికి ఒక పాత లెక్క ఇప్పటికీ బాగా పనికివస్తుంది. నేస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన దాని ప్రకారం అయిదు కిలోమీటర్ల నడకకు ఒక గంట, దానికి అదనంగా ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట పడుతుంది. అంటే ఆర్నూవా నుంచి కనుమ వరకు ఎత్తు కోసమే గంటంబావు కలుపుకోవాలి. ఇది మంచి నడక ఉన్నవారి లెక్క. ఆ ఎక్కుడంతా ముగించడానికి మా స్నేహితురాలికి మూడు గంటలు పట్టింది. స్విట్జర్లాండ్‌లోని పసుపుపచ్చ దారి పలకల మీద కిలోమీటర్లు కాక గంటలు రాసి ఉంటాయి, వాటిలో కూర్చున్న సమయం, తిన్న సమయం కలవదు.

ఇక మా పొరపాటు. మధ్యాహ్నం రెండు తరువాత ఉరుములు వస్తాయని వాతావరణ సూచన ఉండడంతో, ఏడు గంటలకల్లా బయలుదేరాము. ఆర్నూవా దాటి ఎక్కుడు మొదలవగానే మా స్నేహితురాలికి ఆయాసం రావడం చూసి, బరువు తగ్గిస్తే తేలికవుతుందని ఆమె సంచిలోని సామానును ముగ్గురం పంచుకున్నాము. ఆమె గాలి ఆపే కోటు, చేతి తొడుగులు మాలో అందరికంటే వేగంగా నడిచే మిత్రుడి సంచిలోకి వెళ్ళాయి. 2,062 మీటర్ల ఎత్తున ఉన్న ఎలెనా విడిది దగ్గర టీ తాగి లేచేటప్పుడు ఆమె, "మీరు పదండి, నేను మెల్లగా వస్తాను" అంది. ఆ మాటను మేము ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాము. ఇద్దరు ముందుకు సాగిపోయారు, నేను మధ్యలో నడిచాను, ఆమె వెనకబడింది.

కనుమకు ఇంకా నూట యాభై మీటర్ల ఎత్తు ఉందనగా కింది లోయలోంచి మబ్బు లేచి దారిని కప్పేసింది. అప్పటిదాకా ఎడమ వైపు కనబడుతున్న ప్రే ద బార్ హిమానీనదం, ముందు నడుస్తున్న మిత్రులు, వెనక మెలికల దారి, అన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. నేను ఆగి పిలిచాను, జవాబు రాలేదు. వెనక్కి రెండు మెలికలు దిగేసరికి ఆమె దారి పక్కన ఒక రాతిమీద కూర్చుని, ఊడిన బూటు తాడు కట్టుకోవాలని చూస్తోంది. వేళ్ళు కొంకర్లు పోయి ముడి పడడం లేదు. ఎక్కుతున్నంతసేపూ పట్టిన చెమట చొక్కాలోనే చల్లారి, దవడలు కొట్టుకుంటున్నాయి. కోటేమో కొండ పైన ఎక్కడో ఉంది. నా కోటు ఆమెకు తొడిగి, చేతులు నా చంకల కింద పెట్టించి వేడి చేసి, తాడు నేనే కట్టి, ఇద్దరం అడుగులో అడుగు వేసుకుంటూ పైకి చేరడానికి ముప్పావు గంట పట్టింది. పైన గాలిలో మా కోసం నిలబడిన ఇద్దరూ అప్పటికే బిగుసుకుపోయి ఉన్నారు.

ఇందులో ఆమె తప్పు రవ్వంత కూడా లేదు. కొత్తవారి బరువు పంచుకోవడం మంచి పనే, తప్పకుండా చేయండి; కాని కోటు, తొడుగులు, నీళ్ళు, తినడానికి కొంచెం ఏదైనా, ఈ నాలుగూ ఎవరివి వారి వీపు మీదే ఉండాలి. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీలకు పైగా చలి పెరుగుతుంది, తడిసిన బట్టకు గాలి తోడైతే జూలైలో కూడా ఒళ్ళు పది నిమిషాల్లో చల్లబడుతుంది. అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని ముందు గాని ముందు నుంచి రెండో స్థానంలో గాని ఉంచి, మిగిలినవారు ఆ వేగానికే కట్టుబడి, ఎప్పుడూ ఒకరికొకరు కనబడేంత దూరంలోనే నడవండి. వేగంగా నడిచేవారికి ఇది మొదట్లో విసుగ్గా ఉంటుంది, నిజమే. కాని ముందు వెళ్ళి ఆగి ఆగి ఎదురుచూసేవారికి విశ్రాంతి దొరుకుతుంది. వెనక వచ్చేవారు చేరగానే అందరూ లేచి కదులుతారు గనుక, విశ్రాంతి నిజంగా అవసరమైన మనిషికి అది ఎన్నడూ దొరకదు. మా స్నేహితురాలు ఆ పొద్దంతా ఎలెనాలో తప్ప ఎక్కడా విశ్రాంతిగా కూర్చోలేదని నాకు తరువాత గాని తట్టలేదు.

కనుమ మీద మబ్బు పది నిమిషాలు విచ్చుకుంది. ఆ గట్టుకు ఇటు పడిన చినుకు డోరా బాల్టియాలో, దాని వెంట పో నదిలో కలిసి ఏడ్రియాటిక్ సముద్రానికి పోతుంది. అటు పడినది డ్రాన్స్ మీదుగా రోన్ నదిలో చేరి ఫ్రాన్స్ దక్షిణ తీరం దాకా వెళుతుంది. ఈ సంగతి చెబితే ఆమె వణుకుతూనే తన సీసాలోని నీళ్ళు రెండు వైపులా కాసిన్ని పోసింది. అంత అలసటలో ఆమెకు ఆ ఉత్సాహం ఉండడం చూసి నా మనసు కుదుటపడింది.

దిగుడును తక్కువగా అంచనా వేయకండి. ఎక్కేటప్పుడు ఊపిరి అడ్డుపడితే, దిగేటప్పుడు తొడలు, మోకాళ్ళు పట్టేస్తాయి; కొత్తవారు జారిపడేది ఎక్కువగా ఇక్కడే. ఊతకర్రలను కొంచెం పొడవు పెంచుకుని, అడుగులు చిన్నవిగా వేస్తూ, బూట్లను చీలమండ దగ్గర బిగించి కట్టుకుంటే బొటనవేళ్ళు ముందుకు గుద్దుకోవు. జూలై మొదట్లో నీడ పడే వాలుల్లో పాత మంచు మిగిలి ఉండవచ్చు, కాబట్టి ముందు రాత్రే విడిది నిర్వాహకులను దారి ఎలా ఉందో అడగండి. మేము లా ప్యూల్ పశువుల కొట్టం దగ్గరికి చేరాక మొదటి ఉరుము వినిపించింది. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున దూరం లెక్కపెట్టవచ్చు. ముప్ఫై సెకన్లలోపు వినబడితే గట్ల మీద ఉండకూడదు.

ఆపద వస్తే రెండు దేశాల్లోనూ 112 పనిచేస్తుంది. సిగ్నల్ లేని చోట ఈల గాని టార్చి గాని వాడి నిమిషానికి ఆరు సార్లు సంకేతమిచ్చి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఇవ్వాలి. నిమిషానికి మూడు వస్తే అది జవాబు. ఐరోపా సమాఖ్య సిమ్ కార్డుల రోమింగ్ స్విట్జర్లాండ్‌కు దానంతటదే వర్తించదు, కాబట్టి దారి పటాన్ని ముందే ఫోన్‌లోకి దించుకోండి.

చివరగా, వెనక్కి తిరిగే వేళను ఇంట్లో ఉండగానే నలుగురూ కలిసి నిర్ణయించుకోండి. ఈ దారిలోనైతే పదకొండు గంటలకు ఎలెనా దాటకపోతే ఆర్నూవాకు దిగిపోవడం మంచిది, వేసవిలో అక్కడి నుంచి లోయ కిందికి బస్సు ఉంటుంది. ఆ గడువు మీ కొత్త స్నేహితురాలికో స్నేహితుడికో కూడా ముందే తెలిసి ఉంటే, తనవల్ల అందరి ప్రయాణం పాడవుతోందన్న బెంగతో ఒంట్లో బాగాలేని సంగతి దాచుకోరు.