విండోస్ మళ్లీ వేయించినా నత్తనడకేనా?

ప్రశ్న: గుంటూరు నుంచి ఎమ్మెస్ చదవడానికి అమెరికా వచ్చానండీ. బయలుదేరేముందు విజయవాడలో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొని, విండోస్ కూడా కొత్తగా వేయించాను. అయినా ఆన్ చేస్తే పని మొదలుపెట్టడానికే చాలాసేపు పడుతోంది. బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

జవాబు: డబ్బు తీసేముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో సీపీయూ, మెమరీ, డిస్క్ అంకెల్లో ఏది నూరు శాతం దగ్గర ఆగిపోతోందో చూడండి. విండోస్ కొత్తగా వేశాక అప్‌డేట్లు దిగడం, ఫైళ్ల సూచిక తయారవడం, విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్ తనిఖీ చేయడం తెరవెనుక చాలాసేపు సాగుతాయి కనుక, స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్టింగ్ మార్చి, ఛార్జరు, వైఫై కలిపి ఒక రాత్రి అలా వదిలేయండి. తెల్లవారినా డిస్క్ అంకె దిగలేదంటే లోపం విండోస్‌లో కాక, దాన్ని మోస్తున్న డిస్క్‌లోనే ఉండే అవకాశం ఎక్కువ.

అదే టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ విభాగం తెరిస్తే లోపల ఉన్నది హెచ్‌డీడీయో (పళ్లెం తిరిగే హార్డ్‌డిస్క్) ఎస్‌ఎస్‌డీయో (తిరిగే భాగాల్లేని చిప్‌ల డిస్క్) కనిపిస్తుంది. పాత ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా ఉండేది నిమిషానికి 5400 చుట్లు తిరిగే హార్డ్‌డిస్క్. అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్న చిన్నచిన్న ఫైళ్లను అది సెకనుకు వంద సార్లకు అటూ ఇటూగా మాత్రమే చదవగలదు, ఎస్‌ఎస్‌డీ అదే పనిని వేల సార్లు చేస్తుంది. ఇప్పటి విండోస్‌కు కావలసింది సరిగ్గా ఆ పనే కాబట్టి, హార్డ్‌డిస్క్ ఉన్నంతకాలం ఎన్నిసార్లు ఫార్మాట్ చేయించినా ఫలితం అంతంతమాత్రమే. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ డిస్క్ ఆరోగ్యం గుడ్ అనకుండా కాషన్ అని చూపిస్తే మాత్రం, మిగతా పనులన్నీ ఆపి సర్టిఫికెట్లు, విశ్వవిద్యాలయం ఇచ్చిన ఐ-20 పత్రం, పాస్‌పోర్టు స్కాన్లు ఆ రోజే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి.

ఎస్‌ఎస్‌డీని మీరే మార్చుకోవచ్చు. మన గుంటూరు బ్రాడీపేటలో కుర్రాడికి టీ డబ్బులిచ్చి చేయించుకునే పనికి ఇక్కడ అడిగే కూలి ఒక్కోసారి ఎస్‌ఎస్‌డీ ధరనే దాటుతుంది. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ కంపెనీ సైట్‌లో చూసి, పట్టేది రెండున్నర అంగుళాల సాటా రకమా, ఎం.2 రకమా అన్నది తేల్చుకున్నాకే ఆర్డరు పెట్టండి. తర్వాత మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని విండోస్ వేయండి. విండోస్ 8 కాలం నుంచి కంపెనీలు విండోస్‌తో అమ్మిన ల్యాప్‌టాప్‌లలో విండోస్ లైసెన్సు కీ సాధారణంగా మదర్‌బోర్డులోనే ఉంటుంది కనుక, డిస్క్ మారినా అదే ఎడిషన్ (హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో) వేస్తే యాక్టివేషన్ దానంతటదే జరుగుతుంది. హోమ్ కీ ఉన్న యంత్రంలో ఎవరైనా ప్రో వేసి, లైసెన్సు లేకుండా నడిపించే క్రాక్ ప్రోగ్రామ్‌తో నడిపిస్తుంటే, ఆ క్రాక్ వెంట ఏమేం వచ్చాయో చెప్పలేం. బ్యాంకు పాస్‌వర్డులు కొట్టే యంత్రంలో దాన్ని ఉంచవద్దు.

డిస్క్ కాక మెమరీ (ర్యామ్) నిండిపోతుంటే, 4 జీబీని 8కి పెంచడం తప్ప దారి లేదు. ర్యామ్ బోర్డుకే అతికించిన మోడళ్లలో అదీ కుదరదు. డివైస్ మేనేజర్‌లో మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని కనిపిస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ వేయలేదని అర్థం. ఫ్యాను హోరెత్తుతూ ల్యాప్‌టాప్ ఒళ్లు కాలిపోతుంటే లోపల దుమ్ము తీయించి, ప్రాసెసర్ వేడిని బయటికి పంపడానికి పూసే థర్మల్ పేస్ట్ మార్పించాలి. ఛార్జరు మీద 100-240 వోల్టులని ఉంటే ఇక్కడి 120 వోల్టులకు ఇబ్బంది లేదు, ప్లగ్ మారితే చాలు. అయితే డూప్లికేట్ ఛార్జరును గుర్తించక వేగం తగ్గించుకునే ల్యాప్‌టాప్‌లు కూడా ఉన్నాయి.

ఇక కొత్తది కొనాలా అన్న మాట. ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరం లేదా ఆ పైది అయి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉంటే విండోస్ 11 నడుస్తుంది కాబట్టి ఎస్‌ఎస్‌డీకి, ర్యామ్‌కు నిశ్చింతగా ఖర్చు పెట్టండి. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, ఎనిమిదో తరం కన్నా పాత ప్రాసెసర్ అయితే నేను ఒక్క డాలరూ పెట్టను. అలాంటప్పుడు మీ విశ్వవిద్యాలయానికి సర్‌ప్లస్ స్టోర్ ఉందేమో అడగండి. తాము వాడి పక్కనపెట్టిన కంప్యూటర్లను చాలా విశ్వవిద్యాలయాలు అక్కడ చవకగా అమ్ముతాయి.