వెండి స్మారక నాణెం కొనాలా వద్దా

చిరంజీవి సుధాకర్‌కు, ఆశీస్సులు.

నువ్వు పంపిన వెండి స్మారక నాణెం ప్రకటన చదివాను. "కేవలం 5,000 నాణేలే" అన్న ముక్క పెద్దక్షరాల్లో వేసి, తూకం ఎంతో, మేలిమి (వెండి స్వచ్ఛత) ఎంతో మాత్రం అడుగున కనపడీ కనపడకుండా వేశారు. నువ్వు ముందు చదవాల్సింది ఆ అడుగు లైనే.

ఏ వెండి నాణెం ధరలోనైనా మూడు పాళ్లుంటాయి: లోహం, మజూరీ, గిరాకీ. లోహం విలువ ఎవరినీ అడగక్కర్లేదు. మొత్తం బరువును మేలిమితో గుణించి, వచ్చినదాన్ని ఆ రోజు గ్రాము వెండి ధరతో గుణించు. ఉదాహరణకి బ్రిటన్ వెండి ప్రూఫ్ క్రౌన్లు (ప్రత్యేక మెరుగుతో వేసే పెద్ద నాణేలు) 28.28 గ్రాములు, మేలిమి 92.5 శాతం. అంటే అందులో అసలు వెండి 26.16 గ్రాములే, మిగతాది కల్తీ లోహం. కల్తీ అంటే మోసమని కాదు, నాణెం గట్టిపడటానికి రాగి కలుపుతారు. ప్రకటనలో ఔన్స్ అని ఉంటే గ్రాముల్లో ఎంతో అడుగు. వెండి బంగారాలకు వాడేది ట్రాయ్ ఔన్స్, 31.1035 గ్రాములు. మామూలు ఔన్స్ 28.35 గ్రాములే. వెండి పూత, సిల్వర్ ప్లేటెడ్, క్లాడ్, ఫినిష్ అన్న మాటల్లో ఏ ఒక్కటి కనపడినా పక్కన పెట్టెయ్. ".999 వెండి" అని దాని ముందే రాసి ఉన్నా సరే. ఆ .999 పైపొరది, లోపలున్నది రాగో ఇత్తడో.

ఇప్పుడు లెక్క చూడు. లోహం విలువ 100 అనుకుంటే వాళ్లడిగే ధర 260 అనుకో. రేపు అవసరమొచ్చి అమ్మబోతే డీలరు లోహం విలువలో ఐదు శాతం తగ్గించి అడిగాడనుకో. నువ్వు పెట్టింది నీకు తిరిగి రావాలంటే వెండి ధర దాదాపు 2.74 రెట్లు కావాలి. కాబట్టి "వెండి పెరుగుతుంది కదా" అన్న ఆశతో ఇలాంటి నాణెం కొనడం దండగ. ఆ ఆశ ఉన్నవాడు లోహం ధరకు దగ్గరగా దొరికే బులియన్ నాణేలు, అంటే లోహం కోసమే కొనే నాణేలు, కొనుక్కోవాలి. నువ్వు పైన పెడుతున్న 160 దేనికి అన్నదే అసలు ప్రశ్న.

అందులో కొంత మజూరీ. ప్రూఫ్ నాణేనికి బిళ్లనూ అచ్చునూ ప్రత్యేకంగా మెరుగుపెడతారు, ఒక దెబ్బతో కాక రెండు మూడు దెబ్బలతో అచ్చు వేస్తారు, చేత్తో ముట్టుకోకుండా క్యాప్సూల్‌లో (గట్టి ప్లాస్టిక్ డబ్బాలో) పెడతారు. ఈ పనికి డబ్బివ్వడం న్యాయమే, కానీ ఆ డబ్బు తిరిగి చేతికొస్తుందని అనుకోకు. రంగులద్దటం, బంగారు పూత, రాళ్లు పొదగడం లాంటివి మజూరీని పెంచుతాయి, మళ్లీ కొనేవాళ్లను తగ్గిస్తాయి. నా మటుకు నేను రంగు నాణేలకు దూరం. రంగు చెక్కుకుపోతే దాన్ని బాగుచేసే దారి లేదు.

మిగిలింది గిరాకీ. సంఖ్య తక్కువైతే ధర పెరుగుతుందని అందరూ అనుకుంటారు, ఇక్కడే దెబ్బతింటారు. మూడు ఉదాహరణలు చెబుతాను.

1976 మాంట్రియల్ ఒలింపిక్స్ కోసం కెనడా 1973 నుంచి 1976 దాకా 28 రకాల వెండి నాణేలు తెచ్చింది. అయిదు డాలర్లది 24.3 గ్రాములు, పది డాలర్లది 48.6 గ్రాములు, రెండూ స్టెర్లింగే, అంటే 92.5 శాతం వెండి. అందమైన పెట్టెలు, మంచి పనితనం, ప్రపంచమంతా కొన్నారు. అందుకే ఇవాళ ఎక్కడ చూసినా అవే, మామూలుగా లోహం ధరకు దగ్గర్లోనే చేతులు మారుతున్నాయి. కొన్నవాళ్లలో చాలామంది జాగ్రత్తగా దాచారు, ఇక కరువెక్కడి నుంచి వస్తుంది?

1996 అట్లాంటా ఒలింపిక్స్‌ది దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. అమెరికా 1995లో 16, 1996లో 16, మొత్తం 32 నాణేలు గుప్పించింది. కలెక్టర్లు విసిగిపోయి కొనడం మానేశారు. దాంతో 1996 నాటి అన్‌సర్క్యులేటెడ్ (ప్రూఫ్ మెరుగు లేని, చలామణీకి పోని) వెండి డాలర్లు కొన్ని 15 వేల చిల్లర దగ్గరే ఆగిపోయాయి. పారాలింపిక్ డాలరైతే 14,497 మాత్రమే. ఆనాడు ఎవరూ అడగని ఆ నాణేలకే తర్వాత గిరాకీ వచ్చింది, ఎందుకంటే అమెరికా స్మారక డాలర్లన్నీ వరసగా పోగేసేవాళ్లకు ఆ ఖాళీలు పూడ్చుకోక తప్పదు.

మూడోది 1995 నాటి ప్రూఫ్ సిల్వర్ ఈగిల్, అమెరికా వెస్ట్ పాయింట్ టంకశాలలో అచ్చయిన ఒక ఔన్స్ వెండి నాణెం. వేసినవి 30,125. విడిగా అమ్మలేదు, బంగారు నాణేల సెట్‌తో కలిపితేనే ఇచ్చారు. ముప్పై వేలంటే మరీ తక్కువేమీ కాదు. కానీ ఆ వరస పోగేసేవాళ్లు లెక్కకు మించి ఉన్నారు, అందుకే మొత్తం వరసలో పేరు మోసినవాటిలో అదొకటి. వెయ్యి మాత్రమే వేసిన నాణేలు ఎన్నో ఉన్నాయి, అడిగేవాడు లేక మూలపడి ఉన్నాయి. కాబట్టి ఎన్ని వేశారు అని కాదు, వేసినవాటికి ఎంతమంది ఎదురుచూస్తున్నారు అని చూడు. మళ్లీ మళ్లీ వచ్చే వరసలో భాగమా, ఒంటి నాణెమా? ఆ వరస పాత నాణేలు ఇప్పుడు ఏ ధరకు పోతున్నాయి? ఈ రెండింటికీ జవాబు దొరికితే సగం పని అయినట్టే.

"పరిమిత సంఖ్య" అన్న మాటకు ఒక్కొక్కరి దగ్గర ఒక్కో అర్థం. కొందరు గరిష్ఠ సంఖ్య చెబుతారు, అది అమ్ముడైన సంఖ్య కాదు. కొందరు తేదీ పెట్టి ఆలోపు ఎన్ని ఆర్డర్లొస్తే అన్నీ వేస్తారు, అందులో పరిమితి ఉన్నది గడువుకే. ఇంకొందరు ఒకే బొమ్మను అర ఔన్స్, ఒక ఔన్స్, అయిదు ఔన్సులు, కిలో, రంగుది, పూతది, మందపు బిళ్లది అని పది రూపాల్లో వేసి, ఒక్కోదానికి విడిగా 5,000 అంటారు. ఆ బొమ్మ నచ్చి కొనేవాడికి అన్నీ కలిపి లెక్కే వర్తిస్తుంది. ప్రకటనలోని 5,000 దేని కిందకొస్తుందో రాతపూర్వకంగా అడుగు.

ఎవరు విడుదల చేశారో కూడా తేల్చుకో. దేశం పేరూ ముఖ విలువా ఉంటే నాణెం. లేకపోతే మామూలుగా అది పతకం, లేదా ఉత్త వెండి బిళ్ల. పతకంలో తప్పేమీ లేదు గానీ, నాణేల కేటలాగుల్లో దానికి చోటుండదు, కొనేవాళ్లూ తక్కువ. నియు, కుక్ దీవులు, టువాలు లాంటి చిన్న దేశాల పేరుతో వచ్చే నాణేలు చాలావరకు వేరే దేశాల టంకశాలల్లో అచ్చయి, ప్రపంచ మార్కెట్ కోసమే తయారవుతాయి. చట్టరీత్యా నాణేలే, కాకపోతే ఆ దీవుల్లో వాటితో ఎవరూ సరుకులు కొనరు. ముఖ విలువను చూసి ధైర్యం తెచ్చుకోకు. అమెరికన్ సిల్వర్ ఈగిల్ ముఖ విలువ ఒక్క డాలరు, లోపలున్న వెండి దానికి ఎన్నో రెట్లు.

పాత ధరలు చూసేటప్పుడు అమ్మేవాడు పెట్టుకున్న ధర కాకుండా, నిజంగా అమ్ముడుపోయిన ధరే చూడు. ఎవడైనా ఎంతైనా పెట్టుకోవచ్చు, ఏళ్లతరబడి అక్కడే ఉంచుకోవచ్చు. వేలం ఫలితాల్లో సుత్తి ధర (సుత్తి కొట్టి పాట ముగించిన ధర) వేరు, కొన్నవాడు కమిషన్‌తో కట్టిన మొత్తం వేరు, అమ్మినవాడి చేతికొచ్చింది ఇంకా వేరు. నీకు పనికొచ్చేది ఆ చివరిదే. చాలా స్మారక నాణేలు విడుదలైన ఏడాది రెండేళ్లకు మొదటి ధర కంటే తక్కువకు దొరుకుతాయి. కాబట్టి తొందర లేకపోతే ఆగడమే లాభం. మొదటి రోజే కొనాల్సినవి కొన్నే: పేరున్న వరసలో తక్కువ సంఖ్యతో వచ్చి, మనిషికి ఒకటే అని టంకశాలే నియమం పెట్టినవి. "నెలకొకటి చొప్పున 24 నాణేలు" అన్న చందా పథకాల జోలికి మాత్రం పోకు. మూడోది నచ్చకపోయినా ఆపబుద్ధి కాదు, అసంపూర్తి సెట్‌ను ఎవరూ అడగరు.

గ్రేడింగ్ డబ్బాల గురించి. ఎన్‌జీసీ, పీసీజీఎస్ సంస్థలు 1 నుంచి 70 దాకా మార్కులిచ్చి సీలు వేస్తాయి. ఈ కాలపు ప్రూఫ్‌లు టంకశాల నుంచి వచ్చేసరికే 69, 70 ఉంటాయి, ఆ రెండింటికీ తేడా చాలామంది కళ్లకు ఆనదు. మొదట్లో 70 కొద్దిగానే ఉంటాయి గనక ధర మండిపోతుంది, పంపేవాళ్లు పంపుతుండగా సంఖ్య పెరిగి ధర దిగుతుంది. "ఫస్ట్ స్ట్రైక్" అన్న లేబుల్ అచ్చు మీద మొదట పడ్డ నాణెమని చెప్పదు. విడుదలైన మొదటి నెలలోపు చేరిందనే దాని అర్థం. సర్టిఫికెట్ మీది నంబరు కూడా అంతే, మామూలుగా నాణెం మీద నంబరుండదు కాబట్టి ఏ కాగితాన్నైనా ఏ నాణెంతోనైనా పెట్టొచ్చు. అయినా ఆ కాగితాన్నీ పెట్టెనూ పారేయకు, అవి లేకపోతే రేపు కొనేవాడు ధర తగ్గిస్తాడు.

పరీక్ష ఎలా చెయ్యాలో కాస్త వివరంగా చెబుతాను. 0.01 గ్రాము దాకా చూపే చిన్న త్రాసు, కాలిపర్స్ (వ్యాసం, మందం కొలిచే పనిముట్టు) ఉంటే చాలు. టంకశాల చెప్పిన బరువు, వ్యాసం, మందం మూడూ కలవాలి. నకిలీ చేసేవాడు బరువు కలిపితే మందం తప్పుతుంది, మందం కలిపితే బరువు తప్పుతుంది. వెండి సాంద్రతకు సరిగ్గా సరిపోయే చవక లోహం దొరకడం కష్టం. క్యాప్సూల్ లేని బులియన్ నాణేనికైతే నీళ్ల పరీక్ష ఉంది. గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చెయ్. సన్న దారానికి నాణెం కట్టి, అడుగునా అంచులకూ తగలకుండా పూర్తిగా ముంచు. నాణెం మీద బుడగలుంటే దులుపు. త్రాసు చూపే అంకెతో నాణెం బరువును భాగించు. మేలిమి వెండికి 10.49 దగ్గర రావాలి, స్టెర్లింగ్‌కి 10.36 దగ్గర. 31.10 గ్రాముల మేలిమి నాణెం ముంచితే త్రాసు 2.96 లేదా 2.97 చూపాలి. అదే బరువున్న రాగి 3.47 చూపుతుంది, సీసం 2.74. ప్రూఫ్‌ను మాత్రం ఎప్పుడూ నీళ్లలో పెట్టకు, పరీక్ష నెగ్గినా నాణెం చెడుతుంది. దాన్ని క్యాప్సూల్ తీయకుండా బయటి నుంచే చూడు. అయస్కాంతం అంటుకుంటే వద్దు. అంటుకోకపోతే అది వెండని కాదు, రాగికీ అంటుకోదు.

ఒక్క జాగ్రత్త. కొలత తేడా వచ్చిందని వెంటనే నకిలీ అనేయకు. చైనా వెండి నాణెం పాండా 2015 దాకా ఒక ఔన్స్, 2016 నుంచి 30 గ్రాములు. బ్రిటన్ వెండి నాణెం బ్రిటానియా 2012 దాకా 95.8 శాతం, 2013 నుంచి 99.9. ఏ ఏడాదిదో చూసి, ఆ ఏడాది కొలతతోనే పోల్చు.

పార్సిల్ రాగానే వాపసు గడువు ముగియకముందే దీపం కింద అటూ ఇటూ వంచి చూడు. వేలిముద్ర, వెంట్రుక గీత, పాలచుక్కలాంటి తెల్ల మరక ఉంటే తిప్పి పంపు. మేలిమి వెండిలో ఆ తెల్ల మరకలు ఏళ్ల తర్వాత సీలు డబ్బాలోనూ తేలుతాయి, అసిటోన్‌కు (మురికి కరిగించే ద్రావకానికి) పోవు. గంధకం తగిలితే వెండి నల్లబడుతుంది. అందుకే రబ్బరు బ్యాండు, వార్తాపత్రిక, ఉన్ని, అట్టపెట్టె దగ్గర పెట్టకు. మెత్తటి పీవీసీ కవర్లో ఉంటే పచ్చటి జిగురు కిలుములా పడుతుంది. దాన్ని స్వచ్ఛమైన అసిటోన్‌లో, గాజు గిన్నెలో ముంచి తీస్తే పోతుంది. రుద్దకు, మంట దగ్గర చెయ్యకు, రంగు నాణేన్ని అందులో వెయ్యకు, రంగు కరిగిపోతుంది. పాలిష్ పెట్టి తళతళలాడించావా, సగం ధర నీ చేత్తో నువ్వే గీకేసినట్టు.

ఇప్పుడు ఆ ప్రకటన వాళ్లకు ఉత్తరం రాసి నాలుగే అడుగు: గ్రాముల్లో బరువు, మేలిమి, అన్ని రూపాలూ కలిపి ఎన్ని వేస్తున్నారు, ఏ దేశం పేరు మీద ఎవరు అచ్చు వేస్తున్నారు. జవాబు వచ్చాక లోహం విలువ కట్టు. ధర అంతకు రెండింతలు దాటి, ఆ వరసకు పాత కొనుగోలుదార్లు కనపడకపోతే ఇప్పుడు వదిలెయ్, ఏడాది తర్వాత వేలాల్లో చూద్దాం. బొమ్మ అంతగా నచ్చి, లోహం ధరకే పడిపోయినా బాధ లేదనుకుంటే ఒకటే తీసుకో, రెండోది అమ్మడానికని కొనకు. వాళ్లేం చెప్పారో నాకు పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న