మా దుకాణం పేరుతో ఉన్న వెబ్‌సైట్ చిరునామా బంధువు చేతిలో ఉంది

ప్రశ్న: మేము 2009 నుంచి రావులపాలెంలో మా అత్తగారి పేరుతో పూతరేకుల దుకాణం నడుపుతున్నాము. 2021లో మా ఆడపడుచు కొడుకు వెబ్‌సైట్ చేసిపెడతానంటే ఫోన్‌పేలో రూ. 8,000 పంపాను. అతడు దుకాణం పేరుతో ఒకటి, ‘ఆత్రేయపురం పూతరేకులు’ అన్న మాటలతో మరొకటి, రెండు డాట్ ఇన్ చిరునామాలు తన పేరు మీదే తీసుకున్నాడు. చదువుకునే రోజుల్లో మా ఇంట్లోనే ఉండి తిన్నవాడు. పెళ్లి సంబంధం విషయంలో మాటామాటా వచ్చాక, 2024 అక్టోబరులో ‘ఇవ్వను’ అని వాట్సాప్‌లో రాశాడు. ఇప్పుడు మా దుకాణం పేరు కొడితే వేరే మిఠాయి దుకాణం పేజీ వస్తోంది. లక్షన్నర ఇస్తే రెండూ ఇస్తాడట. అతని ఈమెయిల్ పాస్‌వర్డ్ మా అబ్బాయికి తెలుసు. చీటింగ్ కేసు పెట్టాలా, మేమే మార్చేసుకోవాలా?

జవాబు: అతడు మీ ఇంట్లో ఎన్నాళ్లు తిన్నాడన్నది ఏ కోర్టూ అడగదు. ఈ వివాదాన్ని తేల్చే విషయం ఒక్కటే: 2021లో ఆ చిరునామా నమోదైన నాటికే ఆ పేరు వ్యాపారంలో మీదిగా చెలామణి అవుతోందని మీరు కాగితం మీద చూపగలరా? చూపగలిగితే, నమోదు ఎవరి పేరున ఉన్నా మీకు దారి ఉంది. వెబ్‌సైట్ చిరునామాకు కూడా వ్యాపార నామానికి ఉన్న రక్షణే వర్తిస్తుందని, ఒకరి సరుకును మరొకరి సరుకుగా చెలామణి చేసే పాసింగ్ ఆఫ్ కింద దానిని అడ్డుకోవచ్చని సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు 2004లోనే స్పష్టం చేసింది.

కాబట్టి 2021కి ముందు నాటి ఆహార భద్రత లైసెన్సు, బిల్లు పుస్తకాలు, పెట్టెల మీద పేరు ముద్రించిన ప్రెస్సు రశీదులు, పత్రికా ప్రకటనలు, బ్యాంకు ఖాతా పత్రాలు వెతికి తీయండి. ఆ రూ. 8,000 చిరునామా కోసమేనని తెలిపే సందేశం ఒక్కటి దొరికినా మీ వాదన బరువు పెరుగుతుంది. వాట్సాప్ సంభాషణను స్క్రీన్‌షాట్లుగా దాచుకున్నంత మాత్రాన సరిపోదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి నిర్ణీత ధ్రువీకరణ పత్రం జతచేయాలి, అందులో ఒక భాగం నిపుణుడు పూరించాలి. అందుచేత ఆ ఫోన్‌ను మార్చకండి, అమ్మకండి, ఫార్మాట్ చేయించకండి.

‘ఆత్రేయపురం పూతరేకులు’ చిరునామా మీద మాత్రం ఆశ వదులుకోండి. ఊరి పేరు, సరుకు పేరు కలిపిన మాట మీద ఏ ఒక్క వ్యాపారికీ గుత్తహక్కు రాదు. పైగా ఆ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది, అది అక్కడి తయారీదారులందరికీ చెందేది. ఆ చిరునామా అతని దగ్గర ఉంటే మీకు కలిగే నష్టం కంటే, దానికోసం దావాలో చేర్చే బలహీనమైన పేరా వల్ల కలిగే నష్టమే ఎక్కువ.

ఇక మీ అబ్బాయి ఆలోచన. ఆ పాస్‌వర్డ్‌ను ఎవరూ ముట్టుకోకూడదు. అనుమతి లేకుండా మరొకరి ఖాతాలోకి ప్రవేశించి మార్పులు చేయడం ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద నేరం, దానికి మూడేళ్ల వరకు జైలు, రూ. 5 లక్షల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. ఈ రోజు ఫిర్యాదుదారులుగా ఉన్నవారు రేపటికి ముద్దాయిలవుతారు. ‘మా చిరునామానే కదా’ అన్న వాదన బెయిలు దరఖాస్తులో రాసుకోవడానికి తప్ప మరెందుకూ పనికిరాదు. చీటింగ్ కేసు కూడా నిలవడం కష్టం. మోసగించాలన్న ఉద్దేశం 2021లోనే ఉందని మీరు రుజువు చేయాలి. మీరు చెప్పిన కథ ప్రకారం తగాదా ఆ తరువాతే వచ్చింది.

పదేళ్లకు పైగా నడిచిన దుకాణం పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించకపోవడం, చిరునామా ఎవరి పేరున తీసుకున్నారో రశీదు అడగకపోవడం, నిరాకరణ వచ్చాక కూడా బంధువులు సర్దిచెబుతారని కూర్చోవడం, ఈ మూడూ మీ అజాగ్రత్తే. పాసింగ్ ఆఫ్ విషయంలో మీకు కొంత వెసులుబాటు ఉంది, ఎందుకంటే మీ కొనుగోలుదారులను మళ్లిస్తున్నంత కాలం వ్యాజ్య కారణం, అంటే దావా వేయడానికి ఆధారం, కొనసాగుతూనే ఉంటుంది. ఒప్పందం ప్రకారం చిరునామా మీకు బదిలీ చేయలేదన్న వాదనకు మాత్రం, అతడు నిరాకరించిన నాటి నుంచి మూడేళ్లే గడువు. అంటే 2027 అక్టోబరు దాటితే ఆ వాదన పోతుంది. అత్యవసర నిషేధ ఉత్తర్వు కావాలని నెలల తరబడి ఊరుకున్నవారు అడిగితే, అంత అత్యవసరమైతే ఇన్నాళ్లూ ఏం చేశారని కోర్టు అడగడం సహజం.

డాట్ ఇన్ చిరునామాలను పర్యవేక్షించే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియాకు ఫిర్యాదు చేస్తే ఆ సంస్థ వివాదాన్ని తేల్చే ఆర్బిట్రేటర్‌ను (మధ్యవర్తిని) నియమిస్తుంది. చిరునామా మీ పేరును పోలి ఉందని, దానిపై అతనికి న్యాయమైన హక్కు లేదని, దానిని దురుద్దేశంతో నమోదు చేశాడని లేదా వాడుతున్నాడని చూపాలి. ఈ ‘లేదా’ మీకు చాలా ముఖ్యం. డాట్ కామ్ చిరునామాలకు వర్తించే అంతర్జాతీయ విధానంలో నమోదు, వాడకం రెండింటిలోనూ దురుద్దేశం చూపాలి. ఇక్కడ 2021లో అతడు మంచి మనసుతోనే నమోదు చేశాడనుకున్నా, నేటి వాడకం ఒక్కటే చాలు. నమోదు ఖర్చుకు ఎన్నో రెట్లు అడగడమే దురుద్దేశానికి ఆనవాలు గనుక, ఆ లక్షన్నర మీద ఫోన్‌లో బేరమాడకండి, ఆ కోరికను అతని చేతనే రాతపూర్వకంగా రానివ్వండి. అయితే ఆర్బిట్రేటర్ చిరునామా బదిలీకో రద్దుకో ఆదేశించగలరు గానీ నష్టపరిహారం ఇప్పించరు. అతడు కుటుంబ ఒప్పందం, వాటా వంటి కథలు తెస్తే కోర్టుకే పొమ్మనే అవకాశమూ ఉంది. అప్పుడు జిల్లా కోర్టు స్థాయికి తగ్గని కోర్టులో దావా వేయాలి.

ముందుగా న్యాయవాది ద్వారా నోటీసు పంపి, అసలు నమోదు ఖర్చు చెల్లిస్తామని, పదిహేను రోజుల్లో బదిలీ చేయాలని కోరండి. ఈలోగా దుకాణం పేరుకు ఊరి పేరు చేర్చి కొత్త చిరునామా తీసుకోండి. వెబ్‌సైట్ ఎవరు తయారు చేసినా, నమోదులో మీ పేరు, మీ ఈమెయిల్, మీ ఫోన్ నంబరే ఉండాలి. కొత్త చిరునామా తీసుకున్నంత మాత్రాన పాతదానిపై మీ హక్కు పోదు. పెట్టెల మీద కొత్త చిరునామానే ముద్రించండి. 2009 నుంచి వాడుతున్నట్లు ప్రమాణపత్రం జతచేసి, మిఠాయిలు వచ్చే 30వ తరగతిలో ట్రేడ్‌మార్కు దరఖాస్తు ఈ వారమే వేయండి. వ్యక్తులకు ఆన్‌లైన్ రుసుము రూ. 4,500.