వీణ తీసెయ్, కాగితం ఉంచు

విజయవాడ

అమ్మాయ్,

క్యాన్సర్ పిల్లల మీద కొత్త చికిత్స ట్రయల్ గురించి నువ్వు రాసిన డాక్యుమెంటరీ స్క్రిప్టు చదివాను. ముంబై ఆసుపత్రి వరండాలో ఆ గుంటూరు తల్లి సమ్మతి పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి టిఫిన్ సంచిలో దోపుకోవడం బాగుంది. ఆ వెంటనే వీణ మోగించి, “క్యాన్సర్‌ను జయించిన చిన్నారి” అని వాయిస్ ఓవర్ వేశావు చూడూ, అక్కడ ఒళ్ళు మండింది.

ఆ కాగితంలో ఏముందో ఒక్క ముక్కయినా చెప్పావా? ఫేజ్ 1 ట్రయల్లో, అంటే మనుషుల మీద చేసే మొదటి దశ పరీక్షలో, ముందు చూసేది ఆ చికిత్సను ఒళ్ళు ఎంత మోతాదు వరకు తట్టుకుంటుంది, ఏం హాని జరుగుతుంది అని. రోగం తగ్గుతుందా అన్నది ఆ తర్వాతి మాట. ఇది చెప్పకుండా నవ్వే మొహం ఒక్కటే చూపిస్తే, తెనాలిలో టీవీ ముందు కూర్చున్న ఇంకో తండ్రి ఎకరం బేరం పెడతాడు.

2012లో ఫిలడెల్ఫియాలో రక్త క్యాన్సర్ ఉన్న ఆరేళ్ళ ఎమిలీ వైట్‌హెడ్ నుంచి టీ కణాలు, అంటే రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు, తీసి, జన్యువు మార్చి, మళ్ళీ ఎక్కించారు. జ్వరం ముదిరి ఆ పిల్ల వెంటిలేటర్ మీదికి వెళ్ళింది. గట్టెక్కించింది కీళ్ళవాతానికి వాడే టోసిలిజుమాబ్! కథంతా అక్కడుంది. ఈ తరహా చికిత్సకు అమెరికాలో ఆమోదం 2017లో వచ్చింది. మన ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ వాళ్ళ నెక్స్‌కార్19కి 2023లో. దీంతో అందరికీ నయం కాలేదు. కానివాళ్ళ ఇళ్ళకీ వెళ్ళు. గుమ్మంలోంచే పొమ్మంటే వచ్చెయ్.

ఒకప్పుడు గుంటూరు రోగుల మీద ఓ ఛానెల్‌కి అరగంట సినిమా ఇచ్చాను. భర్త పోయినావిడ ఆసుపత్రి రసీదులు తేదీలవారీగా సర్దుతూ, ఒకదాని దగ్గర ఆగి, వేలు తడి చేసుకుని వెనక్కి తిప్పుతుంది. ఎడిటర్‌గారు టీ తాగుతూ చూసి, “ఏడుపేదండీ?” అన్నాడు. ఆ షాటు ఎగిరిపోయింది. ఇప్పుడు రీల్స్ వాళ్ళదీ అదే వరస. గుండు, కన్నీళ్ళు, కీమో అయ్యాక గంట కొట్టడం.

ఇంకోటి. పిల్లలో, వాళ్ళలా తమంతట తాము గట్టిగా కాదనలేనివాళ్ళో కొత్త మందు ట్రయల్లో చేరితే, సమ్మతి తీసుకోవడాన్ని వీడియో తీయాలని మన 2019 నిబంధనల్లోనే ఉంది. అంటే నీకంటే ముందే ఆ తల్లి ఇంకో కెమెరా ముందు కూర్చుని ఉండొచ్చు. అది నీ చేతికి రాదు, అడగనూ కూడదు. ఆ రోజు డాక్టరు ఏం చెప్పాడో, తనకేం అర్థమైందో ఆవిడ మాటల్లోనే చెప్పించు. చెప్పనంటే ఊరుకో.

ఏ కెమెరా కొనాలని అడిగావు. కుర్రాళ్ళెవరినైనా అడుగు. ఆ సీను మాత్రం తిరగరాసి పంపు.