2024లో నాకు నచ్చిన గేమ్స్: ముందు కూడిక, ఆ తర్వాతే గుణకారం

ప్రశ్న: 2024లో వచ్చిన వీడియో గేముల్లో మీకు బాగా నచ్చినవి ఏవి? చిత్తూరులో ఉంటాను, నాది గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు లాప్‌టాప్. అందులో ఆడేవి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. నా లెక్కలో ఆ ఏటి మొదటి ఆటే అలాంటిది: బలాట్రో. పోకర్‌లోలా ముక్కలు దించి పాయింట్లు కొట్టే పేకాట. 2024 ఫిబ్రవరి 20న వచ్చింది. లోకల్‌థంక్ అనే మారుపేరుతో కెనడాలో ఒకే ఒక్క మనిషి చేసిన ఆట. డిస్కులో 150 ఎంబీ చోటుంటే చాలు. సెప్టెంబరు 26 నుంచి ఫోన్లోనూ ఉంది, నెట్ అక్కర్లేదు. చిత్తూరులో బస్సెక్కి తిరుపతిలో దిగేలోపు ఒక ఆట పూర్తిగా అయిపోతుంది, చేయి తిరిగినవాళ్ళకి రెండు.

ఇందులో జోకర్లంటే పాయింట్లు పెంచే ప్రత్యేక కార్డులు. ఓడిపోయేవాళ్ళు మంచి జోకర్లు దొరకలేదని అంటుంటారు. కాదు. ఉన్న జోకర్లని తప్పు వరసలో పెట్టి ఓడిపోతారు. ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం ఆట వచ్చినట్టే, అందుకే లెక్క కట్టి చూపిస్తాను.

ఎనిమిదో యాంటీ, అంటే ఆఖరి దశ, అందులో చివరి బాస్ రౌండు వయొలెట్ వెసెల్ అనుకుందాం. మామూలు చివరి బాసులు లక్ష పాయింట్లు అడిగితే ఇది 3,00,000 అడుగుతుంది. ముక్కలు దించడానికి నాలుగు అవకాశాలు. మీరు నమ్ముకున్నది ఫ్లష్, అంటే మన మూడుముక్కలాటలో కలర్ అంటాం చూడండి, అదే, కాకపోతే ఐదు ముక్కలతో. ఫ్లష్ లెవెల్ పెంచే జూపిటర్ కార్డులు ఏడు వాడి దాన్ని 8వ లెవెల్‌కి తెచ్చారు. అప్పుడు 140 చిప్స్, 18 మల్ట్. చిప్స్‌ని మల్ట్‌తో గుణిస్తే వచ్చేదే పాయింట్లు. దించిన ముక్కలు ఆసు, రాజు, రాణి, తొమ్మిది, ఏడు. వాటి విలువ 47. మొత్తం 187 చిప్స్.

జోకర్లు నాలుగు. డ్రోల్ జోకర్ ఫ్లష్ పడితే మల్ట్‌కి 10 కలుపుతుంది. కావెండిష్ మల్ట్‌ని 3 రెట్లు చేస్తుంది. ద ట్రైబ్ ఫ్లష్ పడితే 2 రెట్లు చేస్తుంది. బ్లూప్రింట్ తన కుడిపక్కన ఉన్న జోకరుని కాపీ కొడుతుంది. లెక్క ఎడమ నుంచి కుడికి నడుస్తుంది.

డ్రోల్, బ్లూప్రింట్, కావెండిష్, ట్రైబ్ అని పెట్టండి. 18కి 10 కలిస్తే 28. దాన్ని 3తో, మళ్ళీ 3తో, ఆపైన 2తో గుణిస్తే 504. 187 చిప్స్‌కి 94,248. ఇలాంటివి నాలుగు పడితే 3,76,992, గెలిచారు.

అవే జోకర్లు, డ్రోల్ ఒక్కదాన్ని కుడి చివరకి నెట్టండి. 18ని ముందే గుణిస్తే 324, ఆ తర్వాత 10 కలిస్తే 334. ఒక్కో దింపుకి 62,458. నాలుగుకీ కలిపి 2,49,832. ఓడిపోయారు. మొదటి వరసలోనే బ్లూప్రింట్‌ని కావెండిష్ పక్కన కాకుండా డ్రోల్‌కి ఎడమవైపు వదిలేస్తే ఇంకా ఘోరం: మల్ట్ 228 దగ్గర ఆగిపోతుంది, నాలుగు దింపులకీ 1,70,544. ముక్కలు మారలేదు, జోకర్లు మారలేదు, వరస ఒక్కటే మారింది. కాబట్టి కూడిక జోకర్లు ఎడమన, గుణించే జోకర్లు కుడిన. కొత్త జోకరు కొన్న ప్రతిసారీ అది కుడి చివరకి వచ్చి కూర్చుంటుంది. అక్కడే మరిచిపోతారు.

ఆంబర్ ఏకార్న్ అనే చివరి బాస్ జోకర్లని బోర్లించి కలిపేస్తుంది. కంగారు పడొద్దు. ఒకసారి ముక్కలు దించి, ఏ జోకరు మీద ఏ అంకె లేచిందో చూసి, బోర్లా ఉండగానే మళ్ళీ పేర్చుకోవచ్చు.

కావెండిష్ మొదట దొరకదు. ముందు గ్రోస్ మిషెల్ అనే అరటిపండు జోకరు తీసుకోవాలి. అది మల్ట్‌కి 15 కలుపుతుంది, కానీ ప్రతి రౌండు చివరా ఆరింట ఒక వంతు పోయే ప్రమాదం. అది పోయాకే ఆటలోని అంగట్లోకి కావెండిష్ వస్తుంది. నిజం అరటి కథే ఇది. గ్రోస్ మిషెల్ తోటల్ని పనామా తెగులు తుడిచిపెట్టాకే ప్రపంచం కావెండిష్‌కి మారింది. పులివెందుల వైపు పండించే జీ-9 కూడా కావెండిష్ జాతే. ఒక్క మనిషి ఇంత చిన్న కార్డులో ఇంత చరిత్ర పెట్టాడంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఆటలోని డబ్బు సంగతి. చేతిలో ఉన్న ప్రతి 5 డాలర్లకీ రౌండు చివర 1 డాలరు వడ్డీ, గరిష్ఠంగా 5. అంటే 25 దాటి దాచినా లాభం లేదు, 25 కిందకి దిగితే వడ్డీ తగ్గుతుంది. మూడు నాలుగు యాంటీల్లోపు 25 నిలబెట్టుకుని, పైదంతా ఖర్చు పెట్టండి. ఫ్లష్ ఆడేవాళ్ళు బాస్ పేరు యాంటీ మొదట్లోనే చూసుకోవాలి. ద హెడ్ ఆఠీన్లని, ద గోడ్ ఇస్పేట్లని, ద క్లబ్ కళావర్లని, ద విండో డైమన్లని పనికిరాకుండా చేస్తుంది: ఫ్లష్ పడినా ఆ ముక్కల విలువ లెక్కలోకి రాదు. ముక్కల్ని ఒకే రంగుకి మార్చే టారో కార్డులు తెగ వాడేసినవాళ్ళు ఇక్కడే ఇబ్బంది పడతారు. రెండో రంగులో ఓ పదైనా మిగుల్చుకోండి.

ఇంకో బాధ కూడా చెప్పాలి. పేక బొమ్మ కనబడగానే ఇంట్లో పెద్దవాళ్ళు జూదం అంటారు. ఇందులో అసలు రూపాయి పెట్టే దారే లేదు. మన రాష్ట్రంలో 2020లో నిషేధించింది పందెం కట్టే ఆన్‌లైన్ ఆటల్ని. యూరప్ రేటింగు సంస్థ కూడా దీనికి ముందు 18 ఏళ్ళ ముద్ర వేసి, 2025 ఫిబ్రవరిలో 12కి దించింది. ఆ మాట ఇంట్లో చెప్పండి.

ఆట బరువుని బట్టి గొప్పతనం కొలిచే అలవాటు కూడా నాకు నచ్చదు. బ్లాక్ మిత్ వుకాంగ్ అందమైన ఆటే, కానీ 130 జీబీ అడుగుతుంది. 50 ఎంబీపీఎస్ కనెక్షన్ నిక్కచ్చిగా ఇచ్చినా దాదాపు ఆరు గంటలు. మధ్యలో కరెంటు పోతే తెల్లారేదాకా కూర్చోవాలి. యానిమల్ వెల్ అయితే 40 ఎంబీ చుట్టూ, ఆరేడు సెకన్లు. ఇదీ ఒక్కడే, బిల్లీ బాసో, చేసిన ఆట. మీ లాప్‌టాప్‌కి నా రెండో ఎంపిక ఇదే. మాటల్లేవు, కత్తుల్లేవు, చీకటి గుహలు, జంతువులు, దాచిన 64 గుడ్లు. బుడగ ఊదే కర్ర దొరకగానే పాత గదులన్నీ మళ్ళీ తిరగండి, బుడగ మీద ఎక్కి దూకొచ్చు. అర్థం కాని చోటల్లా మ్యాపు మీద ముద్ర వేసుకోండి, రెండు రోజుల తర్వాత అదే గతి.

గ్రాఫిక్స్ కార్డు కొన్న రోజున మొదట ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ద లాస్ట్ క్రౌన్ ఆడండి. 30 జీబీ. దారి మూసుకున్న చోట ఫొటో తీసి మ్యాపు మీదే అంటించుకునే వీలుంది, ఈ సదుపాయం ప్రతి ఆటలోనూ ఉండాలి. శత్రువు పసుపుగా మెరిస్తే ఎదురు నిలబడి తిప్పికొట్టండి, ఎరుపైతే తప్పుకోండి. ఎల్డెన్ రింగ్‌కి అదనపు భాగంగా జూన్‌లో వచ్చిన షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ కష్టమని తిట్టినవాళ్ళు చాలామంది బలం పెంచే స్కాడూట్రీ ముక్కలు ఏరకుండానే బాసుల మీదకి పోయినవాళ్ళు. మొత్తం 50 ముక్కలు ఏరితే ఆ బలం 20వ మెట్టుకి, అంటే చివరి మెట్టుకి చేరుతుంది. ముందు అవి ఏరండి, తర్వాత కత్తి దూయండి.

మీరైతే ఈ రాత్రికి బలాట్రో దించుకోండి. మొదట రెడ్ డెక్ ఒక్కటే తెరిచి ఉంటుంది, రౌండుకి ఒక డిస్కార్డు, అంటే అక్కర్లేని ముక్కలు పారేసి కొత్తవి తీసుకునే అవకాశం, ఎక్కువ ఇస్తుంది. ఫ్లష్‌కి అంతకన్నా కావాల్సిందేమీ లేదు.