కుళాయి కట్టేశాక కూడా చుక్కలెందుకు?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. వేసవికి ముందు వంటింట్లో యూవీ ప్యూరిఫయర్ పెట్టించాం. గ్లాసు నిండగానే మీట కట్టేసినా, నిమిషంన్నర దాకా చుక్కలు పడుతూనే ఉంటాయి. మెకానిక్ ఒకసారి వాషర్ మార్చాడు, మరోసారి మీటే మార్చాడు. ఫలితం లేదు. కింద నల్ల గ్రానైట్ మీద రూపాయి బిళ్లంత తెల్ల మరక పడింది. మా అత్తగారు అక్కడ ఎప్పుడూ ఒక గిన్నె పెట్టి ఉంచుతున్నారు. మెషిన్ పాడైనట్టేనా? – ఒక పాఠకురాలు

జవాబు: పాడవలేదండీ. ఇక వాషర్ల మీద డబ్బు పెట్టకండి. చుక్కలు నిమిషంన్నరకు ఆగిపోతున్నాయని మీరే రాశారు కదా, అసలు ఆధారం అదే. వాషర్ అరిగిన కుళాయి తెల్లవార్లూ ఒకే వేగంతో కారుతుంది. మొదట గబగబా పడి, రానురాను ఎడం పెరిగి, ఆగిపోయే చుక్కలు మీటకు ఇవతల ఉన్న నీళ్లవి.

ప్లగ్గు తీసేసి, మూత ఊడదీసి, పైపు ఎటు నుంచి ఎటు పోతోందో చూడండి. నీళ్లు ముందు మీట వాల్వులోకి, అక్కడి నుంచి కార్బన్ డబ్బాలోకి (నీటిని వడగట్టే బొగ్గు రేణువులుండేది), ఆఖరున ముక్కులోకి పోతుంటే సంగతి తేలిపోయినట్టే. ఆటోనగర్‌లోని మా షెడ్డుకు మరమ్మతుకు వచ్చే చవక మోడళ్లలో ఇదే అమరిక తరచుగా కనిపిస్తుంది. దీనికి కారణం లేకపోలేదు. మేడ మీది ట్యాంకు నీరు 10 మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో ఒత్తిడి తెస్తుంది. వాల్వు ముందుంటే ఆ ఒత్తిడి అక్కడే ఆగుతుంది, డబ్బా మీద రాత్రింబవళ్లు పడదు. పలచటి ప్లాస్టిక్‌తో సరిపెట్టుకోవచ్చు.

అయితే డబ్బా పైమూలలోనూ కార్బన్ రేణువుల సందుల్లోనూ కొంత గాలి చిక్కుకుని ఉంటుంది. నీళ్లు పారుతున్నంతసేపూ అది నొక్కుకుపోయి ఉంటుంది. మీట కట్టగానే ఒత్తిడి పోతుంది, గాలి వ్యాకోచించి ఎదురుగా ఉన్న నీటిని ముక్కులోంచి నెట్టేస్తుంది. లోపల బయటి గాలి కంటే అర కిలో ఎక్కువ ఒత్తిడి, 20 మిల్లీలీటర్ల గాలి ఉన్నాయనుకుందాం. వదలగానే ఆ గాలి 30 మిల్లీలీటర్లవుతుంది. అంటే 10 మిల్లీలీటర్ల నీరు బయటికి రావాలి. మిల్లీలీటరుకు 20 చుక్కల లెక్కన 200 చుక్కలు! మీ అత్తగారి గిన్నెలో పడుతున్నవి ఇవే.

ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది. పైపులు ఊడదీయకుండా కార్బన్ డబ్బాను దాని చోటు నుంచి బయటికి తీయడానికి వీలుంటే, నీళ్లు బయటికి వచ్చే మూతి పైకి ఉండేలా తిప్పి పట్టుకుని, మీట పూర్తిగా తెరిచి, పక్కలను అరచేత్తో తట్టండి. బుడగలు బుసబుసమంటూ వస్తాయి. అవి ఆగేదాకా నీళ్లు పోనివ్వండి. కొత్త డబ్బా వేసిన ప్రతిసారీ ఇలా చేస్తే చుక్కలు చాలా తగ్గుతాయి. తెల్ల మరకకు కంగారు పడకండి. యూవీ దీపం క్రిములను చంపుతుందే గానీ నీటిలో కరిగిన కాల్షియాన్ని తీయదు. చుక్క ఆరిన చోట అది మిగిలిపోతుంది.

ఇది మీ చేతుల్లో ఉన్నంతవరకే. మిగతాది మెషిన్ నమూనా గీసేవాళ్లు చేయాలి, ఈ విషయంలో వాళ్ల మీద నాకు కోపమే. డబ్బాలోకి నీరు కింది నుంచి వచ్చి అన్నిటికంటే పై బిందువు నుంచి బయటపడితే, గాలి తనంతట తానే నీటితో పోతుంది. దీనికి పైసా అదనపు ఖర్చు లేదు, గొట్టాలు అటుదిటు మారిస్తే చాలు. ఇక వాల్వును ముక్కు చివరనే పెట్టాలి, దాని తర్వాత నీరు నిలవడానికి చోటే ఉండకూడదు. అప్పుడు డబ్బాలన్నీ ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉంటాయి కాబట్టి మందం పెంచాలి. ఆ ఖర్చు పెట్టవలసిందేనని నా పట్టుదల.

పొడుగాటి వంపు ముక్కు అందం కోసం తప్పదంటే, లోపలి వెడల్పు నాలుగైదు మిల్లీమీటర్లు దాటనివ్వకూడదు. పైన వేలితో మూసిన స్ట్రాలో నీళ్లు నిలిచినట్టు, సన్నటి గొట్టంలో బయటి గాలి ఒత్తిడి నీటిని పట్టి ఉంచుతుంది, మూతిలోంచి గాలి దూరకుండా తలతన్యత (నీటి పైపొర బిగువు) ఆపుతుంది. మూతి వెడల్పయితే ఒక పక్క నుంచి గాలి దూరి, మరో పక్క నుంచి చుక్క జారుతుంది. మీట వదిలినప్పుడు ఒక చిన్న రబ్బరు పొర వెనక్కి జరిగి, చివర వేలాడే నీటిని లోపలికి లాక్కునే వాల్వులూ ఉన్నాయి. కంప్యూటర్ చిప్పుల తయారీలో రసాయనం ఒక్క చుక్క కూడా అదనంగా పడకుండా ఇలాంటివే వాడతారు. తాగేనీటికి మాత్రం నేను వీటిని రెండో దారిగానే చూస్తాను. ముక్కు మూతి మురికిగా ఉంటే ఆ మురికి కూడా లోపలికి పోతుంది.

ప్రశ్న: విజయవాడ పటమటలో ఉంటాం. మా ప్యూరిఫయర్‌లో వేడినీళ్లూ వస్తాయి. ఎవరూ ముట్టుకోకపోయినా, వేడెక్కేటప్పుడు ముక్కు నుంచి చుక్కలు కారుతున్నాయి. దానికి రబ్బరు మూత బిగించవచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: దయచేసి బిగించకండి. ఇప్పటికే బిగించి ఉంటే ఈ పేజీ పక్కన పెట్టి, ముందు స్విచ్చి ఆపండి. నీళ్లు చల్లారాక మూత తీయండి.

25 డిగ్రీల నీరు 90 డిగ్రీలకు చేరేసరికి నూటికి మూడు పాళ్లకు పైగా పెరుగుతుంది. రెండు లీటర్ల వేడి ట్యాంకయితే దాదాపు 65 మిల్లీలీటర్లు. అది ఎటో ఒకవైపు పోవాలి. మీ మోడల్‌లో దాన్ని ముక్కులోంచే వదిలినట్టున్నారు. ఆ దారి మూస్తే లోపల ఒత్తిడి పెరిగి అతుకులు విడిపోవచ్చు, మరిగే నీళ్లు ఎదురుగా ఉన్నవాళ్ల మీద చిమ్మవచ్చు. బాగా గీసిన మెషిన్‌లో ట్యాంకు పైన కాస్త ఖాళీ వదిలి, పెరిగిన నీటిని వేరే గొట్టంతో చన్నీళ్ల ట్యాంకులోకి మళ్లిస్తారు.

వేడెక్కడం పూర్తయ్యాక చుక్కలు ఆగిపోతుంటే మామూలే, కింద గిన్నె పెట్టుకోండి. ఆగకపోతే లోపలి సీలు పోయినట్టు, అప్పుడు మెకానిక్‌ను పిలవండి. పిల్లలున్న ఇల్లయితే ఆ ముక్కు గట్టు అంచుకు దూరంగా ఉండేలా మెషిన్‌ను ఇవాళే జరపండి.