సరుకు సైకిళ్లకు నిబంధనలు రాయబోతున్న అమ్మాయికి

అమ్మలూ,

సరుకు మోసే ఎలక్ట్రిక్ సైకిళ్లకు నగరంలో నిబంధనలు రాసే పని నీకు అప్పగించారని తెలిసి గర్వంగా ఉంది, బెంగగానూ ఉంది. లైట్లు, గంట, రిఫ్లెక్టర్లు ఎలాగూ రాస్తావు.

చాలాచోట్ల జరిగే పాత తప్పు వేరే ఉంది. మోటారుకు హద్దు పెట్టి, బరువును వదిలేస్తారు. యూరప్ లెక్కలో మోటారు 250 వాట్లు మించకూడదు, తొక్కితేనే సాయం చేయాలి, వేగం 25 కిలోమీటర్లకు చేరగానే సాయం ఆగిపోవాలి. మామూలు సైకిలుకు అది సరిపోతుంది. కానీ బండి, మనిషి, సరుకు కలిసి 100 కిలోలు కాక 300 అయితే? బ్రేకు లివరు అంతే బలంగా నొక్కినా ఆగే దూరం మూడింతలవుతుంది. దిగుడులో మోటారుతో పనే లేదు, బరువే లాక్కుపోతుంది. బ్రేకు కాగిపోయి పట్టు వదిలేస్తుంది. అందుకని మొదటి నిబంధన మొత్తం బరువు మీదే రాయి. ఆ అంకె ఫ్రేము మీద పలకగా ఉండాలి. బ్రేకు పరీక్ష నిండు బరువుతో, తడి నేల మీద కూడా జరగాలి. పార్కింగ్ బ్రేకు తప్పనిసరి. ఖాళీ బండిని పరీక్షించిన కాగితం చూసి సంతకం పెట్టావో, నేను ఊరుకోను. తొక్కేది నీ ఈడు పిల్లలే తల్లీ.

మూడు చక్రాల బండి చాలావరకు మలుపులో పక్కకు వాలలేదు. 5 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో 15 కిలోమీటర్ల వేగానికి పక్కకు నెట్టే బలం బరువులో మూడో వంతు దాటుతుంది, 25కి దాదాపు బరువంత అవుతుంది. బండి బోల్తా పడకుండా పెట్టె ఎత్తుకు హద్దు పెట్టు, బరువైనవి అడుగున సర్దమను.

న్యూయార్క్ 2024లో సరుకు సైకిలుకు 48 అంగుళాల వెడల్పు దాకా ఒప్పుకుంది. నువ్వు ఆ అంకె ఎత్తి రాసేయకు, సైకిలు దారిలో అతి ఇరుకైన చోట టేపు పెట్టి కొలువు. సరుకు దింపే చోటు చూపించకపోతే బండ్లు ఫుట్‌పాత్ ఎక్కుతాయి, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు దారి పోతుంది.

నాకు అన్నిటికంటే భయం బ్యాటరీ. లోపలి ఒక సెల్ చెడి కాగితే పక్క సెల్ అంటుకుంటుంది. న్యూయార్క్ 2023 నుంచి అమ్మే బండికి యూఎల్ 2849, బ్యాటరీకి యూఎల్ 2271 ప్రమాణం అడుగుతోంది; యూఎల్ అంటే భద్రతా ప్రమాణాలు రాసే అమెరికా సంస్థ. విప్పి అతికించిన ప్యాకులు, జత కాని చార్జర్లు నిషేధించు. మెట్ల దగ్గర, గుమ్మంలో చార్జింగ్ వద్దు. మంటలొస్తే బయటపడే దారి అదే.

జరిమానా తొక్కేవాడి నెత్తిన రుద్దకు. ఎంత ఎక్కించాలో, ఎంతసేపట్లో చేర్చాలో చెప్పేది కంపెనీ. బ్రేకు ప్యాడ్లు ఎప్పుడు మార్చారో బండివారీగా పుస్తకం రాయాల్సిందీ, అడిగినప్పుడు చూపాల్సిందీ కంపెనీయే.

నీ పెదనాన్న